వాకిలికి అడ్డంగా పరాయి బండి



పొద్దున్నే ఆసుపత్రికో, పెళ్లికో, పొలానికో బయల్దేరి గేటు తీస్తే ఎదురుగా ముక్కూ మొహం తెలియని మనిషి కారు అడ్డంగా నిలబడి ఉంటుంది. డ్రైవరు జాడ ఉండదు. పక్కింటాయన్ను అడిగితే తెలియదంటాడు. టీ అంగట్లో అడిగితే "ఇప్పుడే ఎవరో ఇద్దరు దిగి అట్లా పోయినారు" అంటారు. అరగంటకు ఆ మనిషి చేతిలో సంచులతో నింపాదిగా వస్తాడు. "అయిదు నిమిషాలే గదన్నా" అంటాడు. అక్కడ మొదలవుతుంది. "వాకిలికి అడ్డం పెట్టి పొయ్యేది గాక మళ్లీ నా మీదికే వస్తాండావే" అని ఇంటాయన. "రోడ్డేమన్నా మీ నాయన కట్టిచ్చినాడా" అని కారాయన. ఇద్దరూ మామూలు రోజుల్లో నెమ్మదైన మనుషులే అయి ఉంటారు. ఆ పూటకు మాత్రం వీధంతా చుట్టూ చేరుతుంది.

మన కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లలో ఈ గొడవ చూడనివాళ్లు తక్కువ. దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. తన ఇంట్లోంచి బయటికి రావడం, బయటినుంచి తన ఇంట్లోకి పోవడం మనిషికి ఉన్న అతి ప్రాథమికమైన హక్కు. లోపల గుండెనొప్పితో పెద్దాయన ఉన్నా, నొప్పులు పడుతున్న ఆడబిడ్డ ఉన్నా, 108 బండి ఎంత వేగంగా వీధిలోకి వచ్చినా ఆ కారు దగ్గర ఆగిపోవాల్సిందే. స్ట్రెచరు తిప్పుకోవడానికి కూడా జాగా దొరకదు. ఆ కారు పెట్టిపోయిన మనిషికి లోపలి పరిస్థితి తెలిస్తే ఒక్క క్షణం కూడా అక్కడ ఉంచడు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు, అడగలేదు. అతని తప్పు అదే.

విషయంలోకి పోయేముందు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. పరాయి బండి రెండు రకాలుగా మనకు అడ్డం వస్తుంది. ఒకటి, బండి రోడ్డు మీదే ఉంటుంది కానీ మన గేటును మూసేస్తుంది. రెండోది, బండి ఏకంగా మన సొంత జాగాలోకే వచ్చి ఉంటుంది. ఇంటి ముందర వదిలిన ఖాళీ స్థలంలోనో, ప్రహరీ లేని వాకిట్లోనో, గేటు నుంచి మెట్ల దాకా వేసుకున్న దారిలోనో, పక్కన కొని పెట్టుకున్న ప్లాటులోనో ఉంటుంది. కోపం రెండింటికీ ఒకేలా వస్తుంది. చట్టం మాత్రం రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. మొదటిది ట్రాఫిక్ నిబంధనల వ్యవహారం, పోలీసులు పట్టించుకోవాల్సిన పని. రెండోది చాలావరకు సివిల్ వ్యవహారం. ఈ తేడా తెలియక స్టేషనుకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చి, పోలీసుల మీద కోపం, కారు మీద కోపం రెండూ కలుపుకొని ఇంకా పెద్ద తగాదాకు దిగేవాళ్లున్నారు.

ముందు ప్రొద్దుటూరు సంగతి చూద్దాం. ఈ గొడవకు అక్కడ బలమైన కారణాలున్నాయి. 1915లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. బంగారానికీ బట్టలకూ సీమంతా పేరు మోసి, రెండో బొంబాయి అని పిలిపించుకున్న ఊరు. పెళ్లి కుదిరిందంటే చుట్టుపక్కల మండలాలవాళ్లు బండి మాట్లాడుకొని ఇక్కడికే వస్తారు. తాళిబొట్టు నుంచి పెళ్లి చీరల దాకా ఒక్క పూటలో ముగించుకొని పోవాలని వాళ్ల ఆత్రం. గాంధీ రోడ్డు, శివాలయం చుట్టుపక్కల సందులేమో ఎద్దులబండ్లూ జట్కాలూ తిరిగిన కాలపు కొలతలతోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లోనే లక్షా అరవై వేలు దాటిన ఊరిది. ఇళ్ల కింది భాగాలు అంగళ్లయినాయి, మిద్దెల మీద మిద్దెలు లేచినాయి, బండ్లు నిలుపుకునే చోటు మాత్రం పెరగలేదు.

ఇప్పుడు ఆ పెళ్లివాళ్ల డ్రైవరు స్థానంలో నిలబడి చూడండి. అంగడి ముందర పెడితే అంగడాయన ఒప్పుకోడు. పెద్ద రోడ్డు మీద పెడితే పోలీసాయన విజిలేస్తాడు. పక్క సందులోకి తిప్పుతాడు. సందంతా రెండువైపులా మోటారు సైకిళ్లు. మధ్యలో ఒక్కచోట మాత్రం కారు పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎందుకుందో అతను ఆలోచించడు. అది ఒక ఇంటి గేటు ముందరి చోటు. ఇంటివాళ్లు రాకపోకలకోసం కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే అది ఖాళీగా ఉంది. దొరికిందే చాలునని పెట్టేసి, తాళం వేసి, ఆడవాళ్లతోపాటు బట్టలంగట్లోకి పోతాడు. చీరల దగ్గర అయిదు నిమిషాలు ఎంతసేపో మనందరికీ తెలుసు.

దసరా రోజుల్లో ఇంకా కష్టం. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఉత్సవాలకు వచ్చే జనం అంతా ఇంతా కాదు. మైసూరు తర్వాత అంతటి దసరా మాదేనని ప్రొద్దుటూరువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, ఆ గర్వానికి తగ్గట్టే జరుపుతారు. ఆ రాత్రుల్లో గుడి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ బండి బయటికి తీసే ఆశ వదులుకుంటారు. పండగ కదా అని ఓర్చుకుంటారు. ఆ ఓర్పును మెచ్చుకుంటాను. కానీ పండక్కి చూపించిన ఓర్పును ఏడాది పొడుగునా హక్కుగా వాడుకోవడం న్యాయం కాదు.

అడ్డం పెట్టిన బండి ఎవరిదో తెలుసుకోవడమూ ఇప్పుడు కష్టమే. ఇంతకుముందు బండి నంబరు చూసి కాస్త పోల్చుకునేవాళ్లం. ఏపీ 04 అంటే మన కడప జిల్లా బండి అని తెలిసేది. 2019లో జిల్లాల కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. శ్రీకాకుళం కారుకూ మన వీధి చివరి కారుకూ ముందు అక్షరాలు ఒకటే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి రకం, రిజిస్ట్రేషన్ వివరాలు వస్తాయి గానీ యజమాని పేరు పూర్తిగా కనిపించదు, ఫోన్ నంబరు అసలే రాదు. అది అలాగే ఉండాలి. నంబరు చూసి ఎవరంటే వాళ్లు మనుషుల ఇళ్లు వెతుక్కుంటూ పోతే అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి లేదు. కాబట్టి బండి ఎవరిదో కనిపెట్టాల్సింది పోలీసులే. 112కు ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

ఇక గేటుకు అడ్డం పెట్టడం గురించి చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 122వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, లేనిపోని ఇబ్బంది కలిగేలా బండిని నిలపకూడదు. 1989లో రోడ్డు నియమాలు వచ్చాయి. వాటిలో ఎక్కడెక్కడ బండి నిలపకూడదో వరసగా చెప్పారు. మలుపుల దగ్గర, ఫుట్‌పాత్ మీద, బస్టాపు దగ్గర, బడి గేటు, ఆసుపత్రి గేటు దగ్గర అంటూ వచ్చి, ఏ ఆవరణకైనా ప్రవేశమార్గాన్ని మూసేలా నిలపకూడదని కూడా అక్కడే రాశారు. మన ఇంటి గేటు ఆ ప్రవేశమార్గమే. 2017లో ఆ నియమాల స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా ఈ సూత్రం మారలేదు.

ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. గేటు మీద 'నో పార్కింగ్' అని రాయించుకుంటేనే మనకు రక్షణ అని చాలామంది అనుకుంటారు. రాయించకపోతే మనదే తప్పన్నట్టు కారాయన కూడా వాదిస్తాడు, "బోర్డు యాడుంది?" అని. బోర్డు అవసరమే లేదు. ప్రభుత్వమో, అధికారులో పెట్టే ట్రాఫిక్ గుర్తులకు చట్టబలం ఉంటుంది. మనం రంగు డబ్బా తెచ్చి గేటు మీద రాసుకున్నది ఒక విన్నపం మాత్రమే, వచ్చేవాళ్లకు గుర్తు చేయడానికి పనికొస్తుంది. బోర్డు ఉన్నా లేకపోయినా గేటు గేటే. ప్రవేశమార్గం మూయకూడదన్న నియమం ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. ఇది తెలిసి ఉంటే సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

శిక్ష సంగతి. 122వ సెక్షన్ ఉల్లంఘనకు 177వ సెక్షన్ కింద జరిమానా వేస్తారు. 2019 సవరణకు ముందు మొదటిసారి తప్పుకు వంద రూపాయలు దాటేది కాదు. సవరణ తర్వాత అది 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా పెరిగింది. జరిమానా కంటే ముఖ్యమైనది 127వ సెక్షన్. నిలపకూడని చోట నిలిపిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలకు పైగా దిక్కు లేకుండా వదిలేసిన బండిని, ఆ ప్రాంతంపై అధికారం ఉన్న, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి లాగించి తీసేయించవచ్చు, చక్రానికి క్లాంపు వేయించవచ్చు. లాగించిన ఖర్చు బండి యజమానే భరించాలి. ఈ అధికారం పోలీసులకుంది, ఇంటి యజమానికి లేదు. ఇంటాయన సొంతంగా ట్రాక్టరు తెచ్చి కారును లాగేయిస్తే తప్పు అటునుంచి ఇటు మారుతుంది.

తీయమని అడిగినా తీయకుండా, పంతానికి అడ్డం పెట్టినవాడి సంగతి వేరు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ ఉంది. ఒక మనిషికి పోయే హక్కున్న దిక్కుకు పోనివ్వకుండా కావాలని అడ్డగించడం నేరమని చెబుతుంది. నెల దాకా సాధారణ ఖైదు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి జరిమానా అయిదు వందలకు మించేది కాదు. అయితే 'కావాలని' అన్న మాట ఇందులో ప్రాణం. తెలియక పెట్టి, పిలవగానే పరుగున వచ్చి తీసినవాడి మీద ఈ సెక్షన్ పెట్టమనడం న్యాయం కాదు, నిలబడదు కూడా. అదే సంహితలో 285వ సెక్షన్ బహిరంగ మార్గంలో అడ్డంకి కలిగించినందుకు అయిదు వేల దాకా జరిమానా చెబుతుంది. సందు మొత్తం మూసేసి లారీలు నిలిపేవాళ్లకు ఇది గుర్తు చేయాలి.

ఇప్పటిదాకా ఇంటాయన పక్షాన మాట్లాడాను. ఇంటాయనకు కూడా చెప్పాల్సింది ఉంది. గేటు బయటి చోటు మనది కాదు. రాకపోకల హక్కు మనది, నేల మున్సిపాలిటీది. గేటు పక్కన గోడ పొడవునా రోడ్డు మీద రాళ్లు పేర్చడం, గొలుసులు కట్టడం, పూలకుండీలు వరస పెట్టడం మన వీధుల్లో మామూలైపోయింది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ప్రకారం వీధిలో ఇలాంటి ఆక్రమణలు తొలగించే అధికారం మున్సిపాలిటీకి ఉంది. సైడు కాలువ మీద సిమెంటు ర్యాంపు పోసి, దాన్ని రోడ్డు మధ్య దాకా జార్చిన ఇళ్లున్నాయి. వాన వస్తే నీళ్లు పోయే దారి లేక ఎదురింట్లోకి పోతాయి. పరాయి బండిని రోడ్డు మీద సహించలేనివాడు తన ర్యాంపు రోడ్డు మీద ఎంత దూరం వచ్చిందో కూడా చూసుకోవాలి. గేటు వెడల్పు వరకు అడగడం మన హక్కు. ఇంటి ముందరి వీధంతా అడగడం అత్యాశ.

కోపం చల్లార్చుకునే పద్ధతులు మన ఊళ్లలో ఏంటో చెప్పనక్కర్లేదు. చక్రాల్లో గాలి తీయడం. మేకు దిగ్గొట్టడం. అద్దం పగలగొట్టడం. తాళంచెవితో రంగు మీద గీతలు గీయడం. న్యాయ సంహిత 324వ సెక్షన్ ఇవన్నీ ఆస్తి నష్టం కింద నేరాలుగా చూస్తుంది. మామూలుగా ఆరు నెలల దాకా ఖైదు. నష్టం ఇరవై వేల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల దాకా. ఈ రోజుల్లో కారు ముందరి అద్దం, ఒక తలుపు రంగు కలిపితే ఇరవై వేలు దాటడం కష్టమేమీ కాదు. అయిదు వందల జరిమానా తప్పుకు జవాబుగా రెండేళ్ల కేసు మెడకు వేసుకోవడమన్నమాట. పైగా వీధికో సీసీ కెమెరా. ఆ పని ఎవరు చేసినా ముందు అనుమానం పోయేది గేటు యజమాని మీదికే, ఎందుకంటే కోపం ఉందని అందరికీ తెలిసింది అతనికే.

మన జిల్లాలో చిన్న మాట పంతమై, పంతం పగై, పగ తరాలు నడిచిన కథలు పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. అవేవీ పెద్ద కారణాలతో మొదలు కాలేదు. అందుకే ఈ సంగతిని ఇంత పట్టుగా చెబుతున్నాను. కారు రేపు వెళ్లిపోతుంది. వీధిలో మనుషులు ఇక్కడే బతకాలి.

ఇక రెండో రకం, బండి మన సొంత జాగాలోకే రావడం. ఇది ఇంకా లోతైన విషయం. ప్రహరీ లేని వాకిలి చూసి, ఖాళీ ప్లాటు చూసి పెట్టేస్తారు. వాకిట్లో పరిచిన నాపబండలు మనుషుల నడకకూ స్కూటర్లకూ ఆగుతాయి గానీ, కింద పరుపు సరిగ్గా లేకపోతే కారు బరువుకు పగిలిపోతాయి. నష్టం కళ్లముందు కనిపిస్తుంటుంది, స్టేషనుకు పోతే సివిల్ మేటరంటారు. అందులో కొంత నిజముంది. న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం నేరం కావాలంటే, ఇతరుల స్థలంలోకి రావడం ఒక్కటే చాలదు. ఏదైనా నేరం చేయాలని గానీ, స్థలం యజమానిని బెదిరించాలని, అవమానించాలని, విసిగించాలని గానీ ఉద్దేశం ఉండాలి. నీడకోసం చెట్టు కింద కారు పెట్టినవాడికి ఆ ఉద్దేశం ఉందని చెప్పలేం. కానీ తీసేయమని చెప్పినా తీయకుండా, "ఏం చేస్కుంటావో చేస్కో" అని రోజూ తెచ్చి పెట్టేవాడి సంగతి వేరు. అక్కడ ఉద్దేశం బయటపడుతుంది. మూడు నెలల దాకా ఖైదు, అయిదు వేల దాకా జరిమానా ఉన్న నేరం అది. కాబట్టి మొదటిసారి మర్యాదగా, సాక్షుల ముందర, వీలైతే రాతపూర్వకంగా చెప్పండి. ఆ చెప్పడమే తర్వాత మీకు ఆధారమవుతుంది.

అప్పటికీ వినకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగాలి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆ ఉత్తర్వు వస్తుంది. పగిలిన బండలకు నష్టపరిహారం కూడా అడగొచ్చు. కోర్టు అంటే ఏళ్లు పడుతుందని భయం, ఆ భయం ఉత్తది కాదు. అందుకే లోక్ అదాలత్ గురించి చెబుతున్నాను. వాటిని నడిపే కమిటీలు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఏర్పడ్డాయి, కోర్టుల దగ్గరే ఉంటాయి. కేసు వేయకముందే అక్కడికి పోవచ్చు, ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు కూడా ఉండదు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల మధ్య బండి తగాదాకు ఇంతకంటే తగిన చోటు లేదని నా గట్టి నమ్మకం.

పెద్దవాళ్లకు ఇంకో భయం ఉంటుంది. "ఈరోజు పెట్టుకోనిస్తే రేపు అది నా హక్కే అంటాడేమో" అని. దీనికి జవాబు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. ఆ చట్టం పుట్టినప్పుడే మద్రాసు రాజధానికి వర్తించింది. కడప అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి, మన తాత ముత్తాతల కాలం నుంచీ ఈ నేల మీద ఉన్న చట్టమే. ఇతరుల స్థలంలోంచి దారిని ఇరవై ఏళ్లపాటు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకుంటే ఆ దారి మీద హక్కు పుడుతుందని 15వ సెక్షన్ చెబుతుంది. 'హక్కుగా' అన్నది ఇక్కడ అసలు షరతు. మీ అనుమతితో వాడుకుంటే అది హక్కుగా వాడినట్టు కాదు. దాన్ని చట్టం లైసెన్సు అంటుంది. ఇచ్చినవాళ్లు మామూలుగా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక బండి తీసుకుపోవడానికి సహేతుకమైన గడువు ఇవ్వాలి, అంతే.

కాబట్టి ఊరుకోవడం కంటే అనుమతి ఇవ్వడమే మీకు ఎక్కువ రక్షణ. నోరు మూసుకొని ఏళ్ల తరబడి చూస్తూ ఉంటే అవతలివాడు హక్కు అని వాదించే వీలుంటుంది. "అబ్బీ, మా జాగాలో పెట్టుకో, మేం చెప్పినప్పుడు తియ్యాల" అని ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకుంటే ఆ వాదన పుట్టదు. ఒక్క జాగ్రత్త. బండి పెట్టుకోనివ్వండి గానీ, షెడ్డు వేసుకోనివ్వకండి, సిమెంటు గచ్చు చేయించుకోనివ్వకండి. అనుమతిని నమ్ముకొని సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం కట్టుకున్నవాడి దగ్గర ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదని అదే చట్టం 60వ సెక్షన్ చెబుతుంది. మంచితనంతో ఇచ్చిన జాగా రేకుల షెడ్డుగా మారి కోర్టుకెక్కడం ఇలాగే జరుగుతుంది.

అపార్టుమెంట్ల గురించి క్లుప్తంగా. కింద పిల్లర్ల మధ్య పార్కింగును బిల్డరు విడిగా, ఫ్లాటుతో సంబంధం లేని ఆస్తిలాగా అమ్ముకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో తీర్పు చెప్పింది. ముంబయి కేసు అది, మహారాష్ట్ర చట్టాల మీద వచ్చిన తీర్పు. పార్కింగు అందరి ఉమ్మడి సౌకర్యమన్న ఆలోచన మాత్రం మనకూ పనికొస్తుంది. చుట్టాల కార్లు ఎక్కడ పెట్టాలో సంఘం ముందే తీర్మానం చేసుకోవాలి.

ఇంగ్లండులో ఉన్న మన తెలుగువాళ్లకూ ఈ చిక్కు తప్పలేదు. గేటు బయట రోడ్డు మీద, ఇంటి దారికోసం అంచు దించిన చోట కారు పెడితే అక్కడి కౌన్సిలు జరిమానా వేయగలదు. అదే కారు మీ సొంత దారిలోకి వచ్చి ఆగితే కౌన్సిలుకు సంబంధం లేదు, అది సివిల్ వ్యవహారం. కోపంతో మీరే చక్రానికి తాళం వేద్దామంటే అదీ కుదరదు. 2012లో తెచ్చిన చట్టం ప్రైవేటు స్థలాల్లో అలా క్లాంపు వేయడాన్ని ఇంగ్లండు, వేల్సుల్లో నిషేధించింది. చట్టం వాళ్లదీ మనదీ ఈ విషయంలో ఒకే దారిన నడిచాయి. ఎవరికి వాళ్లు శిక్షలు వేసుకోవడం మొదలైతే వీధికి శాంతి ఉండదని రెండు దేశాలూ గుర్తించాయి.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. జమ్మలమడుగులో కథ కొంచెం మారుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట. పెన్నా లోయ చూడటానికి సెలవురోజుల్లో బెంగళూరు, హైదరాబాదు కార్లు బాగా వస్తున్నాయి. తిండికో, మందులకో ఊళ్లో ఆగుతారు. వాళ్లకు వీధులు తెలియవు, భాషా కొందరికి రాదు. వాళ్లమీద మనం కోప్పడితే ఊరికి చెడ్డపేరు. కాస్త ముందుకు తీయండని చేయి చూపిస్తే తీస్తారు. లండన్ మిషన్ వాళ్లు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి లాంటి చోట్లకు పల్లెల నుంచి రోగులను తెచ్చేవాళ్ల తొందర ఇంకో రకం. రోగిని దించినంతసేపు ఓర్చుకోవాలి, దించాక బండి తీయాలి. పులివెందులలో రోడ్లు వెడల్పయినాయి, అది మంచిదే. అక్కడ అరటి కాయలు ఎత్తే లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పక్కన నిలవడం, పూల అంగళ్ల దగ్గర రద్దీ పక్క వీధుల్లోకి పొర్లడం కనిపిస్తాయి. రైతు సరుకు ఎండలో ఆగదు కాబట్టి లోడింగు ఆపమనలేం. ఎక్కడ ఎత్తాలో చోటు చూపించాల్సింది మున్సిపాలిటీ, మార్కెట్ వాళ్లే.

ఈ మాటే అన్ని ఊళ్లకూ వర్తిస్తుంది. ఇంటాయనా కారాయనా కొట్లాడుకుంటుంటే, చోటు చూపించనివాళ్లు ఎవరి కంటికీ కనిపించరు. వ్యాపార భవనం కట్టేటప్పుడు పార్కింగు చూపించాలని 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ప్లానులో పార్కింగని గీసిన సెల్లారు, భవనం లేచాక గోడౌనుగానో అంగడిగానో మారితే, అక్కడికి రావాల్సిన కార్లే మన గేట్ల ముందరికి వస్తాయి. జపానులో 1962లోనే ఒక చట్టం తెచ్చారు. కారు కొనాలంటే దాన్ని నిలిపే చోటు ఉందని ముందు పోలీసుల దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. మనకు అంత కఠినమైన చట్టం రేపే రావాలని నేను అనను. కానీ ఉన్న నియమాన్నయినా అమలు చేయమని అడిగే హక్కు మనకుంది. ప్రొద్దుటూరు వర్తకులు ఎంతో ఖర్చుపెట్టి దసరా చేస్తారు. అదే వర్తక సంఘాలు మున్సిపాలిటీతో కూర్చొని, పెళ్లిళ్ల రోజుల్లో ఊరి అంచున ఒక మైదానంలో కార్లు నిలిపించి, అక్కడినుంచి ఆటోలు తిప్పగలిగితే, వచ్చే కొనుగోలుదారుకూ సుఖం, సందులో కాపురముండే సంసారికీ సుఖం. ఇది చేయలేని పని కాదు.

అందాకా ఇంటివాళ్లకు నేను చెప్పేది ఇది. పరాయి బండి కనిపిస్తే ముందు చుట్టుపక్కల అంగళ్లలో కబురు చెప్పండి. గేటు, బండి నంబరు రెండూ కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి, టైము రాసుకోండి. బండిని చేత్తో తాకకండి. మనిషి వస్తే సంగతి చెప్పండి, తీస్తే అక్కడితో వదిలేయండి. రాకపోతే, తీయకపోతే 112కు ఫోన్ చేయండి. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు, పెద్దవాళ్లు బయటికొచ్చి వాదించాల్సిన పని లేదు, ఫోనులో చెబితే చాలు. పోలీసులు కూడా ఇలాంటి ఫోన్లను చిల్లర ఫిర్యాదులుగా చూడొద్దు. మొదటి అరగంటలో ఒక కానిస్టేబులు వచ్చి నిలబడితే తర్వాత కొట్లాట కేసు రాసే పని ఉండదు.

బండి నడిపే అన్నలకూ అక్కలకూ నా విన్నపం. ఈసారి పెళ్లి బట్టలకు ప్రొద్దుటూరు వచ్చినా, గండికోటకు పోతూ జమ్మలమడుగులో ఆగినా, పులివెందులలో చుట్టాలింటికి పోయినా, గేటు కనిపిస్తే పది అడుగులు ముందుకు పోనివ్వండి. వేరే దారి లేదనుకుంటే ఆ ఇంటి తలుపు తట్టండి. "అమ్మా, కాసేపు బండి ఇక్కడ పెట్టుకుంటాం, తియ్యాల్నంటే ఆ బట్టలంగట్లో ఉంటాం, పిలిపియ్యండి" అని అడగండి. మన సీమలో అలా అడిగినవాళ్లను కాదనే ఇళ్లు తక్కువ. ఫోన్ నంబరు రాసిన చీటీ ముందరి అద్దం వెనక పెట్టండి. నంబరు బయట పెట్టడానికి ఇష్టం లేని ఆడవాళ్లు తాము పోయిన అంగడి పేరు రాసినా చాలు. కాదంటే మాత్రం బాధపడకుండా బండి తీసుకొని ఇంకో చోటు చూసుకోండి. అక్కడ రాకపోకల హక్కు వాళ్లది.